ముప్పావు అంగుళం రింగు

సంఘ పెద్ద ఇమ్మానియేలు చేసింది దైవకార్యమని పేటంతా అంటుంది. గుడి మీద ఇవాళ తాటాకు పోయి రేకులు వచ్చాయంటే ఆయన చలవేనని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు తలుచుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా జక్రయ్య తలెత్తి రేకులు లెక్కపెట్టుకుంటాడు. ముప్పై రెండు. నోరు మాత్రం తెరవడు. తెరిస్తే ఒక మాట వెనక రెండో మాట చెప్పాలి, రెండో దాని వెనక మూడోది చెప్పాలి. ఆ మూడో మాట తల్లి చెవిన పడకూడదు. ఆ సంగతి ఇమ్మానియేలుకు తెలుసు. తెలిసే చేశాడు.

గట్టు జరిపినవాణ్ణి నలుగురిలో పెట్టి నిలదీయొచ్చు. కాటాలో మోసం చేసినవాడి కాలరు పట్టుకోవచ్చు. దేవుడి గుళ్ళో, దేవుడి వేలం పాటలో, వంద రూపాయలు ఎక్కువ పాడినవాణ్ణి ఏమని అడుగుతాం?

జక్రయ్యకు మార్టూరు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది. ఏడో తరగతి సగంలో ఉండగా తండ్రి పోయాడు. అన్న మరియదాసు పట్టాళంలో చేరాడు. జక్రయ్య పలక పారేసి నల్లపాడు స్టేషను దగ్గర హయాత్ సాయిబు కొట్లో పనికి కుదిరాడు. ఆరేళ్ళు ఆయన దగ్గర సోల్డరు పొగ పీల్చి విద్య నేర్చుకుని వచ్చాడు. పుస్తకంలో చదివింది లేదు. చేతికి తెలిసిందే చదువు.

డెబ్భై ఒకటి డిసెంబరు యుద్ధంలో మరియదాసు పోయాడు. ట్యాంకు నడిపేవాడు, అది తగలబడింది. శవం రాలేదు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం, ఒక ఇనప పెట్టె వచ్చాయి. పెట్టెలో రెండు జతల బట్టలు, బైబిలు, ట్యాంకు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో. మరుసటి ఏడాది సర్కారువాళ్ళు తల్లి ఆదెమ్మ పేరు మీద రెండున్నర ఎకరాలకు పట్టా ఇచ్చారు. అందులో ఎకరంన్నర పైచిలుకు రాళ్ళపడ, మేకలు మేయడానికి తప్ప పనికిరాదు. తారు రోడ్డు పక్కనున్న నేల చెక్క మాత్రం నల్లరేగడి. ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి. ఆదెమ్మ ఆ చెక్కను పొలమనేది కాదు. "మావాడి దగ్గరకి పోయొస్తా" అని గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరేది.

ఆమె వయసులో ఉండగా పొగాకు వేడికి ఎండబెట్టే బ్యారనీ కొట్లో కూలికి పోయేది. ఒకసారి బ్యారనీ అంటుకుంది. తలుపు దగ్గరున్న ఇద్దరు బయటపడ్డారు, లోపలి వరసలో ఉన్న ఒకడు బయటపడలేదు. అప్పట్నుంచీ నాలుగు గోడల మధ్య మంట అంటే ఆమెకు మొదట తోచేది తలుపే. కొడుకు పోయాక ఆ తలుపు ఆమెను వదల్లేదు. బస్సులో సెలవు మీద వస్తున్న సిపాయి కనిపిస్తే చాలు, పక్కకి జరిగి కూర్చునేది.

"నాయనా, ఆ ట్యాంకీకి తలుపు ఉంటదా?"

"ఉంటదమ్మా. పైన మూత ఉంటది."

"లోపల్నుంచి తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు."

"మరి మావాడు ఎందుకు తీసుకోలేదు?"

ఆ మాటకు సిపాయిలు పెట్టె సర్దుకునేవాళ్ళు. కొందరు తమ ఊరికి ముందే దిగిపోయారు కూడా.

పద్నాలుగేళ్ళు ఇలా నడిచింది. ఎనభై ఐదులో కంటి డాక్టర్లు వచ్చి శిబిరం పెడితే ఆదెమ్మకు ఒక కన్ను ఆపరేషను అయింది. సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. కట్టు విప్పిన రోజు కోడలు జయకుమారిని చూసింది, గోడ మీద కాలెండరు చూసింది, చివరకు మరియదాసు ఫోటో తెప్పించుకుని ముక్కుకు ఆనించుకుని చూసింది.

"ఇందులో తలుపు కనపడటం లేదురా జక్రీ. కన్ను వచ్చింది గదా, ఆ బండి ఒక్కసారి చూపించరా. నేను పోయేలోపల."

ఎక్కడ చూపిస్తాడు. ఆ రాత్రి జక్రయ్యకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొట్టు తెరిచి, ఫోటో ముందు పెట్టుకుని, ఒక వెదురు బద్ద చెక్కాడు.

ఆ బద్దే మొత్తం పనికి ఆధారం. మరియదాసు ఐదడుగుల ఆరంగుళాలు. పట్టాళం కాగితంలో రాసి ఉంది. ఫోటోలో ట్యాంకును ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. కాబట్టి ట్యాంకు ఎంత పొడవో, ఎంత ఎత్తో అన్న ఎత్తుతో కొలవొచ్చు. జక్రయ్య పదో వంతు కొలతలో బండి చేద్దామనుకున్నాడు. బద్దను ఆరున్నర అంగుళాల పైన ఒక వెంట్రుక అంత ఎక్కువ ఉంచి కోశాడు. దానికి 'అన్న' అని పేరు పెట్టాడు. పొడవు నాలుగున్నర అన్నలు. వెడల్పు రెండు అన్నలు. ఎత్తు రెండు అన్నలకు కాస్త తక్కువ. టేపు చేత్తో పట్టుకోలేదు.

ఒళ్ళంతా నూనె డబ్బాల రేకు. చక్రాలు కొయ్యవి, పైన టైరు ముక్కలు. చక్రాల చుట్టూ తిరిగే పట్టీలకు సైకిలు గొలుసులు, గొలుసు కొలుకుకొక రేకు బిళ్ళ. గొలుసులు ఇచ్చింది పక్క కొట్టు సుభానీ.

"ఇంకా ఎన్ని గొలుసులు కావాలి బావా నీ యుద్ధానికి? ఊళ్ళో సైకిళ్ళన్నీ తోసుకుంటా పోతన్నారు," అనేవాడు.

"శత్రువు లొంగేదాకా ఇవ్వు."

"శత్రువు ఎవరు?"

"మా అమ్మ."

సుభానీ నవ్వేవాడు గాని డబ్బులు తీసుకునేవాడు కాదు.

జయకుమారి మాత్రం నవ్వలేదు. "బాగుచేయాల్సిన రేడియోలు పదిహేను మూలుగుతున్నాయి. వాటివాళ్ళు వచ్చి నన్ను అడుగుతున్నారు. ట్యాంకీ నడిపి పోయినవాడు పోయాడు, నువ్వు కూర్చున్న చోటే పోయేట్టున్నావు."

"లోపల మనిషి లేకపోయినా ఉన్నట్టు కదలాలే. అమ్మ చూడాలి."

అందుకే తీగ లేకుండా నడవాలని పట్టుబట్టాడు. తీగ కట్టి లాగితే అది పిల్లకాయల బండి. హయాత్ సాయిబు ముసలితనంలో కూడా మద్రాసు నుంచి రెండు క్రిస్టళ్ళు తెప్పించి పంపాడు. ఒకటి పంపే పెట్టెలోకి, ఒకటి అందుకునే పెట్టెలోకి. పాత ట్రాన్సిస్టరు డబ్బాలో ఐదు మీటలు అమర్చాడు జక్రయ్య. ముందుకు, కుడికి, ఎడమకు, పైన ఫిరంగి ఉన్న టోపీ తిరగడానికి ఒకటి, ఐదోది మూత తెరుచుకోవడానికి. బండిని నడపడానికి పాత లారీల వైపరు మోటార్లు రెండు. మూతకు టేపు రికార్డరు మోటారు. ఆ ఐదో మీట ఎర్రది.

ఫోటోలో కనిపించేది పక్క భాగమే. పైభాగం ఎలా ఉంటుందో తెలియదు. తెలిసినవాడు పేటలో ఒక్కడే. ఇమ్మానియేలు.

ఇమ్మానియేలు, మరియదాసు ఒకే రోజు గుంటూరు వెళ్ళి పట్టాళంలో చేరారు. ఒకే దళం. మరియదాసు నడిపేవాడు, ఇమ్మానియేలు పాడైన ట్యాంకులు బాగుచేసే మెకానిక్కు. పింఛనుతో తిరిగొచ్చి మార్టూరు రోడ్డు మీద రాళ్ళు పాలిష్ చేసే షెడ్డు పెట్టాడు. అద్దె స్థలం. స్వంతానికి రోడ్డు పక్క స్థలం కోసం ఆదెమ్మను రెండుసార్లు అడిగాడు, సెంటుకు వంద రూపాయల చొప్పున. మంచి ధరే. ఆదెమ్మ రెండుసార్లూ ఒకటే చెప్పింది: "అది మీ స్నేహితుడు నాయనా. అమ్మేది కాదు."

జక్రయ్య షెడ్డుకు వెళ్ళి అడగ్గానే ఇమ్మానియేలు సుద్దముక్క తీసుకుని, పాలిష్ పట్టిన నల్లరాతి పలక మీద ట్యాంకు పైభాగం గీశాడు. ఒక్కచోటా చెరిపి గీయలేదు. టోపీ ఇక్కడ. ఫిరంగి గొట్టం ఇక్కడ. నడిపేవాడి కుర్చీ ముందు, కుడి పక్కన. వాడి నెత్తి మీద మూత ఇది.

"గుర్తుపెట్టుకున్నావే అన్నా."

"ఎనిమిదేళ్ళు వాటి కిందే పడుకున్నానురా. పెళ్ళాం మొహం మర్చిపోతానేమోగాని ఇది మర్చిపోను."

జక్రయ్య కాగితం మీద ఎక్కించుకుని తెచ్చాడు. బద్దతో కొలిచి, కోసి, అతికాడు. టోపీని సైకిలు గోళీల మీద తిరిగేట్టు కూర్చోబెట్టాడు. ఎర్రమీట నొక్కాడు. మూత తెరుచుకుంది. మూత మూసి టోపీ తిప్పాడు. గొట్టం కుడి ముందుకు వచ్చి ఆగింది. మళ్ళీ ఎర్రమీట నొక్కాడు. మూత ఒక గింజంత లేచి గొట్టానికి తగిలి ఆగిపోయింది. లోపల మోటారు మూలిగింది.

తన కోతలో తప్పనుకున్నాడు. విప్పి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అంతే. మూడు రోజులు విప్పడం, బిగించడం. చివరకు కోపం వచ్చి కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు.

"నువ్వు గీసింది తప్పన్నా. గొట్టం ఇటు తిరిగితే డ్రైవరు మూత తెరుచుకోవటం లేదు."

రాతి మీద నీళ్ళు పోస్తున్న పనివాణ్ణి ఇమ్మానియేలు మిషను ఆపమన్నాడు. వాడు అవతలికి పోయేదాకా ఆగాడు.

"తప్పు కాదు. అది అంతే."

"అంతే అంటే?"

"గొట్టం మీదికొస్తే మూత రాదు. అందుకని తిప్పి పెట్టుకోవాలని ముందే చెబుతారు. ఆ రోజు దెబ్బ తగిలి టోపీ అట్టాగే బిగుసుకుపోయింది. పైన ముగ్గురు పై మూతలోంచి దూకారు. మీ అన్న మీదికి గొట్టం ఉంది." చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "బండిని వెనక్కి లాక్కొచ్చింది మేమేరా జక్రీ. మూత లోపలి పక్క నేను చూశాను. ఇంక అడగొద్దు."

జక్రయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాలిష్ నీళ్ళు కాలువలో తెల్లగా పారుతుంటే వాటి వంక చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మకు తెలియకూడదు," అన్నాడు చివరికి.

"పిన్నమ్మకు నేనెందుకు చెబుతాను?"

కొట్టుకు వచ్చి జక్రయ్య రెండు రోజులు ఆ బండిని ముట్టుకోలేదు. మూడో రోజు ఇత్తడి పళ్ళెం అంచు కోసి, వంచి, ముప్పావు అంగుళం ఎత్తున ఒక రింగు చేశాడు. టోపీని పైకెత్తి దాని కింద ఆ రింగు పెట్టి బిగించాడు. ఇప్పుడు గొట్టం ఎటు తిరిగినా మూతకు అందకుండా పైనుంచి పోతుంది. ఎర్రమీట నొక్కాడు. తెరుచుకుంది. మూసి, కుడికి తిప్పి నొక్కాడు. తెరుచుకుంది. యాభైసార్లు నొక్కి ఉంటాడు. అన్న బద్దకు లొంగని కొలత ఆ బండి మొత్తంలో అదొక్కటే. రింగుకు కూడా ఆకుపచ్చ రంగు కొట్టేశాడు.

ఎనభై ఆరు ఫిబ్రవరి. మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్నాయి, పేటంతా తుమ్ములు. సాయంత్రం పూట, కాయలు ఓ పక్కకి ఊడ్చి, కళ్ళంలో బండిని దించాడు. ఆదెమ్మ నులకమంచం వేయించుకుని కూర్చుంది. బండి కదిలింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. గొలుసులు నేల మీద గరగరమంటూ, ఎర్రటి కాయల మధ్య బాటలో, ముసలామె కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. సుభానీ తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, "ఘాటు" అన్నాడు.

"మావాడు ఎక్కడ కూర్చునేది?"

జక్రయ్య చూపించాడు. పెట్టె ఆమె ఒళ్ళో పెట్టి ఆమె వేలు ఎర్రమీట మీద ఉంచాడు. ఆమె నొక్కింది. మూత తెరుచుకుంది.

అద్దాలు సర్దుకుని ఆ కన్నంలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ గొట్టం తిప్పినా తెరుచుకుంటదా?"

ఎందుకు అడిగిందో, ఎలా తోచిందో. జక్రయ్య మూత మూసి, గొట్టం తిప్పి చూపించాడు. నొక్కింది. తెరుచుకుంది.

ఆదెమ్మ నిటారుగా కూర్చుంది. "అయితే దారి ఉంది. ఉండి కూడా రాలేదంటే బండిని వదల్లేక ఉండిపోయాడు. చిన్నప్పుడు కూడా అంతే. కలుపుకు పోతే సాలు మధ్యలో లేచి రమ్మన్నా వచ్చేవాడు కాదు." కొంగుతో బండి మీద దుమ్ము తుడిచింది. "పద్నాలుగేళ్ళు వాణ్ణి బ్యారనీలో పెట్టి తలుపేసినట్టు తలుచుకున్నా. పాపం చేశా."

ఆ రాత్రి ఆమె అన్నం అడిగి పెట్టించుకుని తింది. జక్రయ్యకు రింగు గుర్తొచ్చింది గాని తప్పు చేసినట్టు అనిపించలేదు. అంత వరకు అంతా సవ్యంగానే ఉంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమంటే ఆదెమ్మ లేచి నిలబడింది. జక్రయ్య కూడా ఊహించలేదు.

"పొలమున్నవాళ్ళు తొలి పంట తెచ్చి ప్రభువుకు ఇస్తారు. నా చిన్నకొడుకు చేతి పనే మాకు పంట. ఆ బండి చూపిస్తే దాన్నే తొలిఫలంగా ఇచ్చుకుంటానని మొక్కుకున్నా. చూపించాడు. వచ్చే వారం కోత పండక్కి తెస్తాం."

సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరు అయ్యగారు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చాక జయకుమారి అంది, "అత్తా, ఇచ్చేస్తే నీకేం మిగులుతది?"

"పిచ్చిదానా, పాటలో మళ్ళీ మనమే తెచ్చుకుంటాంగా."

అది నిజం. కోత పండక్కి తెచ్చిన వస్తువులన్నీ ఆరాధన అయ్యాక గుడి ముందు వేలం వేస్తారు. గుమ్మడికాయ, కోడిపుంజు, మిరపకాయల గంప, గుడ్ల బుట్ట. నిమ్మకాయ యాభై రూపాయలకు పోయిన రోజులున్నాయి. అయితే మొక్కుకుని తెచ్చిన వస్తువుంటే తెచ్చినవాళ్ళే ఒక పాట పాడతారు, మిగతావాళ్ళు తగ్గుతారు. ఎక్కడా రాసి లేదు. తాతల కాలం నుంచి రివాజు. కొండమ్మ తన దూడను అట్టాగే నూట పదహార్లకు మళ్ళీ తోలుకుపోయింది. ఆ ధైర్యంతోనే జక్రయ్య జేబులో రెండు వందల పదహారు పెట్టుకుని వెళ్ళాడు.

పాట పాడించేది బడి మాస్టారు. బండిని బల్ల మీద పెట్టారు.

"ఆదెమ్మగారి మొక్కు. యాభై రూపాయల నుంచి దేవుడి పాట."

"రెండు వందల పదహారు," అన్నాడు జక్రయ్య.

మాస్టారు నవ్వుతూ చుట్టూ చూశాడు. "రెండు వందల పదహారు ఒకటోసారి. రెండోసారి..."

"మూడొందలు," అన్నాడు ఇమ్మానియేలు.

తమాషా అనుకున్నారు. జక్రయ్య కూడా నవ్వి, "మూడొందల పదహారు" అన్నాడు.

"ఐదొందలు."

నవ్వులు ఆగాయి. వెనక నుంచి ఎవరో, "మొక్కు వస్తువన్నా" అన్నారు.

"తెలుసు లేవయ్యా," అన్నాడు ఇమ్మానియేలు నెమ్మదిగా. "దేవుడికి పోయే రూపాయి. గుడి కప్పు కారతా ఉంది. నేను కట్టకూడదా?"

అయ్యగారు తల వంచుకున్నాడు. వాన పడితే కప్పు నిజంగానే కారుతుంది.

వెయ్యి దాకా వచ్చాక ఇమ్మానియేలు లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. టోపీని చేత్తో పట్టుకుని కుడికి తిప్పాడు. గొట్టం మూత మీదుగా ఖాళీగా పోయింది. అతని చెయ్యి ఆగింది. బొటనవేలి గోరు టోపీ కింద సందులో పెట్టి రింగు చుట్టూ ఒక చుట్టు తడిమాడు. తలెత్తి జక్రయ్యను చూశాడు. జక్రయ్య లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"రింగేశావా?" గొంతు తగ్గించి అడిగాడు ఇమ్మానియేలు.

"వేశాను."

"తప్పు కదరా. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. నేను పాడుకుంటే మా షెడ్డులో అది తీయించి సరిగ్గా కూర్చోబెట్టిస్తా. రోడ్డు మీద అద్దాల పెట్టెలో పెట్టి మరియదాసు పేరు రాయిస్తా. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు. పిన్నమ్మను కూడా కూర్చోబెట్టి చూపిస్తా."

"నువ్వు చెప్పనన్నావు అన్నా."

"నేనేం చెప్పాను? చెప్పను. బండి ఎట్టా ఉంటే అట్టా ఉంటది."

అతని మొహంలో కోపం లేదు, ఎగతాళి లేదు. స్నేహితుడి మీద ప్రేమతోనే అన్నాడేమోనని ఒక్క క్షణం జక్రయ్యకు కూడా అనిపించింది. ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని ఆదెమ్మ ఇటే చూస్తోంది. ఒళ్ళో మీటల పెట్టె. దాన్ని బల్ల మీద పెట్టడం మర్చిపోయింది.

జక్రయ్య వెనక్కి వచ్చి, "పదకొండొందలు" అన్నాడు.

తర్వాత పాట ఎలా నడిచిందో పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు వేలకు మాస్టారి గొంతు పోయింది, మంచినీళ్ళు తాగాడు. మూడు వేలకు జయకుమారి లేచి వచ్చి మొగుడి చొక్కా పట్టుకుంది. "ఏవయ్యా, మతి పోయిందా? పంతమా? వదిలెయ్. ఇంకోటి చేసుకుందువు గాని."

"వదలకూడదే."

"ఎందుకు?"

"వదులు" అన్నాడు. ఆమె చొక్కా వదిలింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మొగుడు పంతానికి పోయి కొంప ముంచాడనే ఆమె అనుకుంటుంది. అది కూడా ఇమ్మానియేలు ఖాతాలోదే.

ఐదు వేలు దాటాక జనానికి ఉత్సాహం వచ్చింది. ప్రతి పాటకూ ఎవరో స్తోత్రం అంటున్నారు. డబ్బు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. దేవుడి పాటలో అడగరు. ఇమ్మానియేలు వందలు వందలుగా పెంచుతూ పోయాడు, తొందర లేకుండా, రాతి మీద నీళ్ళు పోసినట్టు.

"ఎనిమిది వేల మూడొందలు."

"ఎనిమిది వేల నాలుగొందలు," అన్నాడు జక్రయ్య.

మాస్టారు ఇమ్మానియేలు వంక చూశాడు. అందరూ చూశారు. ఇమ్మానియేలు పంచె దులుపుకుని కూర్చున్నాడు. చేతులు జోడించాడు.

"ఎనిమిది వేల నాలుగొందలు మూడోసారి."

చప్పట్ల మధ్య జక్రయ్యకు అప్పుడు వెలిగింది. ఎనిమిది వేల మూడొందల దగ్గర ఆగనివాడు నాలుగొందల దగ్గర ఎందుకు ఆగాడు? రోడ్డు చెక్క ఎన్ని సెంట్లో ఇమ్మానియేలుకు తెలుసు. సెంటుకు వంద. లెక్క మొదటి పాట పాడక ముందే కట్టుకుని వచ్చాడు.

సాయంత్రం అయ్యగారు, ఇద్దరు పెద్దలు, వాళ్ళ వెనక ఇమ్మానియేలు ఇంటికి వచ్చారు.

"రొక్కం నీ దగ్గర లేదని తెలుసు జక్రీ," అన్నాడు ఇమ్మానియేలు. "సంఘానికి బాకీ ఉండటం మంచిది కాదు. నేను కట్టేస్తా. ఆ రోడ్డు చెక్క నా పేరు రాయండి. పట్టా భూమికి సర్కారు పెట్టిన పదేళ్ళ గడువు కూడా దాటింది, రాసుకోవచ్చు. నేను ముందు చెప్పిన ధరే. ఒక్క పైసా తగ్గించటం లేదు."

జక్రయ్య తల్లి వంక చూశాడు. 'అమ్మేది కాదు' అంటుందని, ఆ ఒక్క మాటతో తాను బయటపడతానని ఆశ. ఆదెమ్మ మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది.

"దేవుడి మాట మీద పాట పెరిగింది. ఎవరి తప్పూ లేదు," అంది. "ఇన్నాళ్ళూ వాడు ఆ పొలంలో ఉన్నాడనుకున్నా. ఇప్పుడు ఇంటికొచ్చాడు. రాసియ్యరా." ఇమ్మానియేలును దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టింది. "నువ్వు అంత పాడబట్టే నాయనా, నా కొడుకు పేరున గుడికి కప్పొస్తంది. నిన్ను ప్రభువు చల్లగా చూడాలి."

ఇమ్మానియేలు వంగి ఆ దీవెన తీసుకున్నాడు. లేచేటప్పుడు జక్రయ్య కళ్ళలోకి చూడలేదు. అంత వరకు ఒప్పుకోవాలి.

పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషను అయింది. ఆదెమ్మ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది. వేసవి రాకుండానే ఆ చెక్కలో మిరప మోళ్ళు పీకించి ఇమ్మానియేలు షెడ్డు లేపాడు. ఇప్పుడు బస్సు అటు నుంచి వస్తే నల్లరాళ్ళు వరసగా ఎండలో నిలబెట్టి కనిపిస్తాయి. ఆ చోటికి బస్సు వచ్చేసరికి జక్రయ్య తల అవతలి కిటికీ వైపు తిప్పుకుంటాడు.

బండి ఇంట్లో, ఆదెమ్మ మంచం పక్కన ఉంది. దీపాలు పెట్టే వేళకు ఆమె ఎర్రమీట నొక్కుతుంది. మూత తెరుచుకుంటుంది. కాసేపు అలాగే ఉంచి, ప్రార్థన చేసుకుని, మళ్ళీ మూస్తుంది. ఒక్కోసారి గొట్టం కుడికి తిప్పమంటుంది. జక్రయ్య తిప్పుతాడు. అప్పుడూ తెరుచుకుంటుంది. బ్యాటరీ దిగితే తెల్లారేలోపు చార్జింగు పెట్టడం అతని పని. రింగు బిగుతు నెలకోసారి చూసుకుంటాడు.

దస్తావేజు నకలు మరియదాసు ఇనప పెట్టెలోనే, ఇంగ్లీషు ఉత్తరం కింద పెట్టాడు. ఏడో తరగతి చదువు చాలు, అందులో రాసింది అతనికి కంఠతా వచ్చు. తూర్పు తారు రోడ్డు, పడమర అమ్మకందారు రాళ్ళపడ, ఉత్తరం డొంక, దక్షిణం వెంకటనారాయణ గారి పత్తి చేను. ఈ మధ్యనున్న నల్లరేగడి మెట్ట, ఎనభై నాలుగు సెంట్లు.